సెక్యూరిటీ అంటే భద్రతేనా?

సెక్యూరిటీ అనే మాటకు తెలుగు చెప్పమంటే ఎవరైనా తడుముకోకుండా 'భద్రత' అంటారు. ఒకసారి మనం రోజూ వాడే నాలుగు వాక్యాల్లో సెక్యూరిటీ తీసేసి భద్రత పెట్టి చూడండి.

"లోపలికి వెళ్ళే ముందు సెక్యూరిటీని అడగండి." ఇక్కడ సెక్యూరిటీ అంటే గేటు దగ్గర యూనిఫాం వేసుకుని నిలబడ్డ మనిషి. భద్రతను అడగండి అంటే ఎవరికీ అర్థం కాదు. "సెక్యూరిటీ లేకుండా లోన్ ఇవ్వరు." ఇక్కడ అది తాకట్టో, ఇంకొకరి పూచీకత్తో. "ఆ ఉద్యోగంలో సెక్యూరిటీ లేదు." ఇక్కడ రేపటి మీద ధీమా. "వాడు ప్రతిదానికీ ఇన్‌సెక్యూర్‌గా ఫీలవుతాడు." బయట ఏ ప్రమాదమూ లేదు, ఉన్నదంతా మనసులోనే.

ఒకే మాట నాలుగు పనులు చేయడం భాషలో వింతేమీ కాదు. కానీ ఈ మాట దగ్గర ఆ తేడాలు చూసుకోకపోతే నిజంగా నష్టం జరుగుతుంది. ఒకరి సెక్యూరిటీ కోసం వేసిన తాళం ఇంకొకరి ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలు ఉన్నాయి. పౌరుణ్ణి కాపాడటానికి పుట్టిన మాటే నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ పౌరుణ్ణి జైల్లో వెయ్యడానికి పనికొచ్చిన చరిత్ర ఉంది. అందుకే ఈ చిక్కు కాస్త ఓపిగ్గా విప్పాలనిపించింది.

చింత లేకపోవడం

మూలం లాటిన్‌లో ఉంది. 'సే' అంటే లేకుండా, 'కూరా' అంటే చింత. రెండూ కలిస్తే సెక్యూరుస్, అంటే చింత లేనివాడు. మన 'నిశ్చింత' అనే మాట కూడా అచ్చం ఇలాగే పుట్టింది. రోమన్లకు సెక్యూరితాస్ అనే దేవత ఉండేది. నాణేల మీద ఆమె తరచుగా ఒక స్తంభానికి ఆనుకునో, కూర్చుని తలను చేతికి ఆనించుకునో తీరిగ్గా కనిపిస్తుంది. అంటే మొదట్లో ఈ మాటకు కాపలాతో పెద్దగా సంబంధం లేదు. గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోగలగడమే సెక్యూరిటీ.

ఆ నిశ్చింత హద్దు దాటితే ఏమరపాటు అవుతుంది. షేక్‌స్పియర్ కాలపు ఇంగ్లీషులో సెక్యూరిటీకి ఆ అర్థం కూడా ఉండేది. ప్రమాదం ముంగిట్లోకి వచ్చినా 'నాకేం కాదులే' అనుకునే అతి నమ్మకాన్ని కూడా అదే మాటతో పిలిచేవాళ్ళు.

మన మాటల్లో ఈ పొరలు విడివిడిగా కనిపిస్తాయి. 'భద్రం' అంటే సంస్కృతంలో శుభం, మంచి. 'రక్షణ' అంటే కాపాడటం. మొదటిది ఒక స్థితి, రెండోది ఒక పని. చుట్టూ పదిమంది గన్‌మన్లతో తిరిగే మనిషికి రక్షణకు లోటు లేదు. భద్రత లేదు కాబట్టే అంత రక్షణ. ఈ రెండు మాటలనూ కలిపేసి వాడినప్పుడల్లా, కాపలా పెంచితే భద్రత దానంతటదే పెరుగుతుందన్న భ్రమ కలుగుతుంది.

'క్షేమం' నాకు ఇంకా ఇష్టమైన మాట. మనం ఎదుటివారి యోగక్షేమాలు అడుగుతాం కదా. యోగం అంటే లేనిది దక్కడం, క్షేమం అంటే దక్కినది నిలబడటం అని శంకరాచార్యులు గీతా భాష్యంలో విడదీసి చెప్పారు. సెక్యూరిటీ గురించి తర్వాత వచ్చిన సిద్ధాంతాలన్నీ చివరికి ఆ రెండో ముక్క దగ్గరికే చేరతాయి. మన దగ్గర ఉన్నదేదో రేపు కూడా ఉంటుందా అన్నదే ప్రశ్న.

చింత తీర్చే వస్తువు

అప్పు ఇచ్చేవాడికి ఒక చింత ఉంటుంది, డబ్బు తిరిగొస్తుందా రాదా అని. ఆ చింత తీర్చడానికి చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. అలా ఒక మనఃస్థితి పేరు, ఆ మనఃస్థితిని తెచ్చిపెట్టే వస్తువుకు అంటుకుంది. ఇంగ్లీషు అన్నిటినీ సెక్యూరిటీ అని సరిపెట్టుకుంటుంది గానీ మనకు మాటలు బోలెడు. వస్తువు తీసుకెళ్ళి చేతికిచ్చేస్తే తాకట్టు. ఆస్తి మన దగ్గరే ఉండి దాని మీద హక్కు రాసిస్తే తనఖా. మన తరఫున ఇంకో మనిషి నిలబడితే పూచీ, జామీను. ముందే కొంత డబ్బు కట్టి ఉంచితే ధరావతు. ఏదైనా కాగితంలో సెక్యూరిటీ అన్న మాట కనిపిస్తే ఈ నాలుగింటిలో అది ఏదో తేల్చుకున్నాకే సంతకం పెట్టాలి. అప్పు తీరనప్పుడు ఎవరు ఏం పోగొట్టుకుంటారన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ సెక్యూరిటీ ఇచ్చేది అప్పు తీసుకునేవాడు, పొందేది అప్పు ఇచ్చేవాడు. సంతకం పడిన రోజు నుంచి ఒకరికి నిశ్చింత, ఇంకొకరికి చింత. ఒకే కాగితం, ఒకే మాట.

బళ్ళో విభక్తులు వల్లెవేసినవాళ్ళకు నేను చెప్పబోయేది తేలిగ్గా పట్టుబడుతుంది. సెక్యూరిటీ ఒంటరిగా నిలబడే మాట కాదు. దాని పక్కన 'కి', 'నుంచి', 'తో' అనే మూడు ప్రత్యయాలు ఉండాలి. ఎవరికి సెక్యూరిటీ? దేని నుంచి? దేనితో? ఈ మూడూ చెప్పకుండా ఆ మాట వాడితే వినేవాళ్ళు ఎవరికి వాళ్ళు తమకు అనుకూలంగా పూరించుకుంటారు. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా ఆ ప్రత్యయాలు మారినప్పుడు ఏం జరిగిందన్న కథ.

స్టాక్ మార్కెట్ భాషలో ఈ మాట ఇంకా దూరం వెళ్ళిపోయింది. అప్పుకు పూచీగా ఉన్న పత్రాలను సెక్యూరిటీ అనడం మొదలై, మెల్లగా కొని అమ్మగలిగే పెట్టుబడి పత్రాలన్నిటికీ అదే పేరు స్థిరపడింది. షేరు కూడా సెక్యూరిటీయే. దానికి ఎవరి పూచీ లేదు, విలువ సున్నా కూడా కావచ్చు. 1946లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఒక విచిత్రమైన కేసు వచ్చింది. ఫ్లోరిడాలో హోవీ అనే కంపెనీ నారింజ తోటను చిన్న చిన్న ముక్కలుగా అమ్మి, తోట సాగు బాధ్యత తానే తీసుకుని, లాభంలో వాటా ఇస్తానంది. ఇది భూమి అమ్మకమా, సెక్యూరిటీ అమ్మకమా? సెక్యూరిటీయే అని కోర్టు తేల్చింది. డబ్బు పెట్టడం, అది అందరిదీ కలిసిన వ్యాపారం కావడం, లాభం వస్తుందన్న ఆశ, ఆ లాభం ఇంకొకరి కష్టం మీద రావడం, ఈ నాలుగూ ఉంటే చాలంది. ఈ నాలుగింటిలో 'భద్రత' ఎక్కడా లేదు. కాబట్టి పెట్టుబడుల గురించి రాసేటప్పుడు సెక్యూరిటీస్‌ను 'భద్రతా పత్రాలు' అని అనువదించడం చదివేవాళ్ళను తప్పుదారి పట్టించడమే. 2008లో ప్రపంచ ఆర్థిక వ్యవస్థను కుదిపేసిన ఇంటి రుణాల మూటలు కూడా సెక్యూరిటీలన్న పేరుతోనే చేతులు మారాయి.

రెండు తలుపులు

ఇక అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం సేఫ్టీ, సెక్యూరిటీల మధ్య ఉంది. తెలుగులో రెండూ భద్రతే. రోడ్డు భద్రతా భద్రతే, సరిహద్దు భద్రతా భద్రతే. జర్మన్‌లోనూ 'జిషర్‌హైట్' అనే ఒక్క మాటే రెండిటికీ సరిపోతుంది. ఫ్రెంచికి రెండు మాటలున్నాయి, సూర్తే, సెక్యూరితే అని. కానీ విమానయానంలో ప్రమాదాలు జరగకుండా చూసుకోవడం సెక్యూరితే, దాడులు జరగకుండా చూసుకోవడం సూర్తే. అణు విద్యుత్ రంగానికి వచ్చేసరికి ప్రమాదాల సంగతి చూసుకునేది సూర్తే! ఒకే భాషలో, రెండు రంగాల్లో, మాట తిరగబడింది.

తేడా చెప్పడం నిజానికి సులువే. ఎవరూ కోరకుండా జరిగే కీడు నుంచి కాపాడేది సేఫ్టీ. కావాలని ఎవరో తలపెట్టే కీడు నుంచి కాపాడేది సెక్యూరిటీ. నిప్పుకు పగ ఉండదు. దొంగకు తెలివి ఉంటుంది, మనం ఒక దారి మూస్తే ఇంకో దారి వెతుకుతాడు. అందుకే ఈ రెండు పనులూ చాలాసార్లు ఒకదానికొకటి ఎదురెళ్తాయి. అది బాగా కనిపించేది తలుపు దగ్గర.

1911 మార్చి 25, శనివారం సాయంత్రం. న్యూయార్క్‌లో ఒక పదంతస్తుల భవనం, పై మూడు అంతస్తుల్లో ట్రయాంగిల్ అనే బట్టల ఫ్యాక్టరీ. పని ముగిసే వేళకు ఎనిమిదో అంతస్తులో మంటలు లేచాయి. తొమ్మిదో అంతస్తులో మెట్ల వైపు వెళ్ళే రెండు తలుపుల్లో ఒకదానికి తాళం వేసి ఉంది. పనివాళ్ళంతా ఇంకో తలుపు గుండానే బయటికి వెళ్ళాలి, అక్కడ వాళ్ళ సంచులు తనిఖీ చేయాలి, సరుకు దొంగతనం జరగకూడదు. ఆ తాళం ఉద్దేశం అదీ. మొత్తం 146 మంది చనిపోయారు, ఎక్కువమంది వలస వచ్చిన కుటుంబాల ఆడపిల్లలు. కొందరు కిటికీల్లోంచి దూకారు. ఆ తాళానికి ప్రత్యయాలు పెట్టి చూడండి. యజమాని సరుకుకు, పనివాళ్ళ నుంచి, తాళంతో. పనివాళ్ళకు, నిప్పు నుంచి అన్న వాక్యం అక్కడ ఎవరూ రాసుకోలేదు.

రెండో తలుపు విమానంలోది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ప్రయాణికుల విమానాల్లో కాక్‌పిట్ తలుపులను తూటాలకు కూడా లొంగనంత గట్టిగా మార్చారు. బయట నంబర్ల ప్యాడ్ ఉంటుంది. లోపల పైలట్ స్పృహ తప్పితే సిబ్బంది ఎమర్జెన్సీ కోడ్ కొట్టి తెరవచ్చు. మరి హైజాకర్ కత్తి చూపించి ఆ కోడ్ చెప్పించుకుంటే? దానికీ ఏర్పాటు ఉంది. లోపలివాళ్ళు ఒక స్విచ్చును లాక్ వైపు తిప్పితే బయటి ప్యాడ్ కొన్ని నిమిషాలు పనిచేయదు. ఎంతో ఆలోచించి చేసిన తలుపు అది.

2015 మార్చి 24న బార్సిలోనా నుంచి డ్యూసెల్‌డోర్ఫ్ వెళ్తున్న జర్మన్‌వింగ్స్ విమానంలో కెప్టెన్ కాక్‌పిట్ నుంచి కాసేపు బయటికి వచ్చాడు. లోపల ఉన్న కో-పైలట్ తలుపు తెరవలేదు. 38,000 అడుగుల ఎత్తు నుంచి విమానాన్ని కిందికి దించడం మొదలుపెట్టాడు. తలుపు తట్టడం, పిలవడం, ఆఖరికి పగలగొట్టడానికి బలంగా కొట్టడం అంతా కాక్‌పిట్ రికార్డర్‌లో నమోదైంది. సుమారు పది నిమిషాల తర్వాత ఆ విమానం ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ కొండల్లో కూలిపోయింది. 150 మందీ పోయారు. తలుపులో లోపం ఏమీ లేదు. ఎలా పనిచేయాలని చేశారో అలాగే పనిచేసింది. ప్రమాదం తలుపుకు ఎటువైపు ఉంటుందన్న ఊహ ఒక్కటే తప్పింది.

ఈ రెండు పనులూ కలవవని కాదు. సినిమా హాళ్ళలో, పెద్ద భవనాల్లో అత్యవసర ద్వారాలకు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది, చూసే ఉంటారు. బయటి నుంచి ఎవరూ తీయలేరు. లోపలి నుంచి ఒంటితో నెట్టినా తెరుచుకుంటుంది. తాళం వెతకక్కర్లేదు, కోడ్ గుర్తుండక్కర్లేదు. దొంగనూ, మంటనూ రెండిటినీ మనసులో పెట్టుకున్నవాళ్ళు చేసిన తలుపు అది.

కంప్యూటర్ల ప్రపంచంలో సెక్యూరిటీని మూడు ముక్కలు చేసి చూస్తారు. ఇతరులు చూడకూడదు, ఎవరూ మార్చకూడదు, కావాల్సినప్పుడు అందాలి. మూడోదాన్ని మనం సెక్యూరిటీ అనుకోం. కానీ 2017 మేలో వన్నాక్రై వైరస్ బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులను కుదిపేసినప్పుడు రోగుల రికార్డులను దొంగిలించలేదు, తెరవడానికి వీల్లేకుండా చేసింది. అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి, అంబులెన్సులు వేరే చోటికి మళ్ళాయి.

బ్రౌజర్‌లో అడ్రస్ పక్కన కనిపించే తాళం బొమ్మ ఇంకో ఉదాహరణ. మన ఫోనుకూ ఆ సైటుకూ మధ్య వెళ్ళే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరు, మార్చలేరు అని మాత్రమే ఆ తాళం చెబుతుంది. అవతల ఉన్నవాడు మంచివాడని చెప్పదు. నకిలీ సైటుకూ ఆ తాళం ఉంటుంది, మన పాస్‌వర్డ్ దారిలో ఎక్కడా చిక్కకుండా నేరుగా దొంగకే చేరుతుంది. తాళం చూసి సైటునే నమ్మేస్తున్నారని గ్రహించి 2023లో గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్‌లో ఆ బొమ్మను తీసేసి, దాని స్థానంలో సెట్టింగ్స్ గుర్తు పెట్టింది. దారి సెక్యూరిటీ వేరు, గమ్యం సెక్యూరిటీ వేరు.

ఎవరికి, ఎవరి నుంచి

ప్రత్యయాలు తారుమారైతే ఎంత దూరం పోతుందో చూడాలంటే ఫ్రెంచి విప్లవం దగ్గరికి వెళ్ళాలి. 1789 ఆగస్టులో ప్రకటించిన మానవ హక్కుల పత్రంలో రెండో అధికరణం మనిషికి పుట్టుకతో వచ్చే హక్కులు నాలుగని చెబుతుంది: స్వేచ్ఛ, ఆస్తి, సూర్తే, అణచివేతను ఎదిరించే హక్కు. అంతకుముందు రాజు ముద్ర వేసిన ఉత్తరం ఒకటి చాలు, విచారణ లేకుండా మనిషిని జైల్లో వెయ్యడానికి. ఆ రోజులు చూసినవాళ్ళు రాసుకున్న సూర్తేకు అర్థం స్పష్టం. పౌరుడికి, రాజ్యం నుంచి.

1793 వచ్చేసరికి పారిస్‌లో అనుమానితుల పేరుతో వేలమందిని అరెస్టు చేస్తున్నారు. ఆ అరెస్టుల పని చూసిన సంస్థల్లో ముఖ్యమైనదాని పేరు 'సాధారణ భద్రతా కమిటీ'. ఆ భద్రత కూడా సూర్తేయే. నాలుగేళ్ళలో వాక్యం తలకిందులై రాజ్యానికి, పౌరుడి నుంచి అయింది. మాటలో అక్షరం కూడా మారలేదు.

ఆ రెండు అర్థాలూ ఇవాళ్టికీ పక్కపక్కనే ఉన్నాయి. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన మూడో అధికరణంలో 'వ్యక్తి భద్రత' ఉంది, అది పౌరుడి వైపు నిలబడ్డ మాట. అదే పత్రంలో 22వ అధికరణం సామాజిక భద్రత గురించి చెబుతుంది. 25వది నిరుద్యోగం, జబ్బు, వైకల్యం, వైధవ్యం, వృద్ధాప్యం వచ్చినప్పుడు ఉండాల్సిన భద్రత గురించి చెబుతుంది. ఇక్కడ శత్రువు అనేవాడే లేడు. బతుకులో సహజంగా వచ్చే దెబ్బలే ఉన్నాయి. 1935లో అమెరికాలో ఇలాంటి భద్రత కోసం ఒక చట్టం బిల్లుగా వచ్చినప్పుడు దాని పేరు 'ఎకనమిక్ సెక్యూరిటీ', చట్టమయ్యేసరికి 'సోషల్ సెక్యూరిటీ' అయింది. దీనికి మన 'సంక్షేమం' సరైన మాట. అందులో క్షేమం ఉంది కదా.

'జాతీయ భద్రత' అనే మాట ప్రభుత్వాల నోట ఇంతగా నానింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. అమెరికా 1947లో ఆ పేరుతోనే చట్టం చేసింది. ఐదేళ్ళ తర్వాత, 1952లో, ఆర్నాల్డ్ వోల్ఫర్స్ అనే పండితుడు ఈ మాట ఎంత అస్పష్టమైనదో విప్పి చూపించాడు. సంపాదించుకున్న విలువలకు ముప్పు లేకపోవడం ఒక అర్థం, ముప్పు ఉందన్న భయం లేకపోవడం ఇంకో అర్థం అన్నాడు. దక్కినది నిలబడటం అన్న మన క్షేమమే అది. రెండూ ఒకేసారి ఉండాలని లేదు. ముప్పు ఉండీ భయం లేకపోతే పాత ఇంగ్లీషు ఏమరపాటు. భయం ఉండీ ముప్పు లేకపోతే, ఆ భయం పేరు చెప్పి ఎంత ఖర్చయినా పెట్టించవచ్చు, ఎన్ని హక్కులైనా వదులుకోమనవచ్చు.

దేశాల మధ్య దీనికో విషవలయం కూడా ఉంది. 1950లో జాన్ హెర్జ్ దానికి 'సెక్యూరిటీ డైలెమా' అని పేరు పెట్టాడు. ఒక దేశం తనను కాపాడుకోవడానికే ఆయుధాలు పెంచుతుంది. పక్క దేశానికి ఆ ఉద్దేశం కనపడదు, ఆయుధాలే కనపడతాయి. అదీ పెంచుతుంది. ఇద్దరూ భద్రత కోసమే ఖర్చు పెట్టారు, ఇద్దరికీ ఉన్న భద్రత తగ్గింది.

1990లలో ఓలె వేవర్ అనే డెన్మార్క్ పండితుడు ఇంకో అడుగు ముందుకేశాడు. దేన్నైనా 'ఇది భద్రతా సమస్య' అని పిలవడమే ఒక చర్య అన్నాడు. ఆ పేరు పడగానే మామూలు చర్చ ఆగిపోతుంది, అసాధారణ అధికారాలకు తలుపు తెరుచుకుంటుంది. వలసలకో, రోగానికో, నిరసనకో ఆ పేరు పెట్టినప్పుడు మనం వెంటనే అడగాల్సింది ఎవరికి, ఎవరి నుంచి అని. ఆ ప్రశ్న అడిగినవాణ్ణి దేశద్రోహిలా చూడటం నాకు చాలా బాధ కలిగిస్తుంది. పౌరుడు అడగాల్సిన మొదటి ప్రశ్నే అది.

ఇదే కాలంలో మాటను మనిషి వైపు లాగే ప్రయత్నమూ జరిగింది. 1974లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఆహార సదస్సు నాటికి ఆహార భద్రత అంటే ప్రపంచంలో సరిపడా ధాన్యం నిల్వలు ఉండటం. గోదాములు నిండుగా ఉన్నా కొనే శక్తి లేనివాడు ఆకలితో చస్తాడని అమర్త్యసేన్ వంటివాళ్ళు చూపించాక, 1996 సదస్సు నాటికి నిర్వచనం మారిపోయింది. అందరికీ, అన్ని వేళలా, సరిపడా ఆహారం అందుబాటులోనూ కొనుక్కునే స్తోమతలోనూ ఉండాలంది. గోదాముకు ఉన్న భద్రత మనిషికి వచ్చింది. 1994లో ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదిక 'మానవ భద్రత' అనే మాటను ముందుకు తెచ్చింది. సరిహద్దులే కాదు, ఉపాధి, తిండి, ఆరోగ్యం, పర్యావరణం కూడా భద్రతేనంది. మరీ అన్నీ చేర్చేస్తే మాటకు అర్థమే మిగలదన్న విమర్శ వచ్చింది. ఆ విమర్శలో కొంత నిజం ఉంది. అయినా కుండలో గింజ లేని ఇంటికి సరిహద్దు భద్రంగా ఉందని చెప్పి ఊరుకోలేం.

తల్లి ఉన్న గది

ఇన్ని అర్థాలు తిరిగాక, మొదటి అర్థం ఇంకా బతికే ఉన్న చోటు ఒకటి ఉంది. మనస్తత్వ శాస్త్రంలో 'సెక్యూర్ అటాచ్‌మెంట్' అంటారు. మేరీ ఎయిన్స్‌వర్త్ అనే శాస్త్రవేత్త ఏడాది నిండిన పిల్లల మీద ఒక చిన్న ప్రయోగం రూపొందించింది. ఓ గది, నేల మీద బొమ్మలు, ఒక మూల తల్లి. కాసేపటికి కొత్త మనిషి వస్తుంది. తల్లి బయటికి వెళ్తుంది, మళ్ళీ వస్తుంది. అంతా కలిపి ఇరవై నిమిషాలు.

తల్లిని గట్టిగా పట్టుకుని వదలని బిడ్డను సెక్యూర్ అనుకుంటాం. ఎయిన్స్‌వర్త్ అలా అనుకోలేదు. సెక్యూర్‌గా ఉన్న బిడ్డ తల్లి ఒడిలోంచి దిగి బొమ్మల దగ్గరికి పాకుతుంది. తల్లి వెళ్ళిపోతే ఏడవచ్చు కూడా. ఆమె తిరిగి రాగానే చేతులు చాచి ఎత్తుకోమంటుంది, కాసేపు భుజం మీద తల ఆనించుకుంటుంది, ఏడుపు ఆగుతుంది. తర్వాత కిందికి దిగి, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, మళ్ళీ బొమ్మల్లో పడిపోతుంది.